గెర్హార్డ్ ఎర్టల్

గెర్హార్డ్ ఎర్టల్ (జననం: 1936 అక్టోబరు 10) జర్మనీ దేశానికి చెందిన భౌతిక రసాయన శాస్త్రవేత్త, ఆచార్యుడు. ఘన పదార్థాల ఉపరితలం మీద జరిగే రసాయన చర్యలను అధ్యయనం చేసినందుకు ఈయనకు 2007లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఆ సంవత్సరం రసాయన శాస్త్ర బహుమతి ఈయన ఒక్కడికే దక్కింది. ఇనుము సమక్షంలో గాలిలోని నత్రజని అమ్మోనియాగా మారే క్రమాన్ని మెట్టు మెట్టుగా నిర్ధారించటం, ప్లాటినం, పల్లేడియం వంటి లోహాల మీద కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్‌తో కలిసే తీరును వివరించటం ఈయన పరిశోధనలలో ముఖ్యమైనవి. మొదటిది ఎరువుల తయారీకి, రెండవది మోటారు వాహనాల పొగను శుద్ధి చేయటానికి ఆధారమైన చర్యలు.

జీవిత సంగ్రహము

ఎర్టల్ జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరంలో జన్మించాడు. స్టుట్‌గార్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలోను, తరువాత పారిస్, మ్యూనిక్ నగరాలలోను భౌతిక శాస్త్రం చదివి 1961లో పట్టా పొందాడు. విద్యుత్ రసాయన శాస్త్రంలో పేరు పొందిన హైన్జ్ గెరిషర్ ఈయనకు గురువు. గెరిషర్ మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి మారినప్పుడు ఎర్టల్ కూడా ఆయన వెంట వెళ్ళి, 1965లో అక్కడ డాక్టరేటు పూర్తి చేశాడు. జెర్మేనియం స్ఫటికాల మీద హైడ్రోజన్, ఆక్సిజన్‌తో కలిసే వేగం ఆ పరిశోధనకు విషయము. ఉపరితలాల మీద ఈయన ఆసక్తి అప్పటినుండే మొదలైనదని చెప్పవచ్చు.

1968లో హనోవర్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి చేపట్టాడు. 1973 నుండి 1986 వరకు మ్యూనిక్‌లోని లుడ్విగ్ మాక్సిమిలియన్ విశ్వవిద్యాలయంలో పనిచేశాడు. 1986లో బెర్లిన్‌లోని ఫ్రిట్జ్ హేబర్ సంస్థలో తన గురువైన గెరిషర్ స్థానంలో సంచాలకుడై, 2004లో పదవీ విరమణ చేసేవరకు అక్కడే ఉన్నాడు. పియానో వాదనలో కూడా ఈయనకు ప్రవేశం ఉన్నది.

ఉత్ప్రేరకము, ఉపరితలము

తాను ఖర్చు కాకుండా ఒక రసాయన చర్యను వేగవంతం చేసే పదార్థాన్ని ఉత్ప్రేరకము అంటారు. స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ 1835లో ఈ భావనకు పేరు పెట్టాడు. ఒక ఊరినుండి కొండ అవతల ఉన్న మరొక ఊరికి పోవాలంటే శిఖరం ఎక్కి దిగవచ్చు; కనుమ దారి తెలిస్తే తక్కువ శ్రమతో దాటవచ్చు. ఉత్ప్రేరకము చేసే పని కనుమ దారి చూపటమే. రెండు ఊళ్ళ ఎత్తులో మార్పు ఉండదు, దారిలో ఎక్కవలసిన ఎత్తు మాత్రం తగ్గుతుంది. అనగా చర్య ప్రారంభం కావటానికి కావలసిన ఉత్తేజక శక్తి తగ్గి, చర్య త్వరగా జరుగుతుంది.

పరిశ్రమలలో వాడే ఉత్ప్రేరకాలలో అధిక భాగం ఘన పదార్థాలు. వాటి మీదుగా వాయువులను పంపుతారు. ఘన పదార్థం లోపలి పరమాణువులకు అన్ని వైపులా ఇరుగుపొరుగు పరమాణువులు ఉంటాయి. పైపొరలో ఉన్నవాటికి ఒక వైపు తోడు ఉండదు. అందుచేత అవి తమను తాకిన వాయు అణువులను పట్టుకోగలవు. ఇలా అణువులు ఉపరితలానికి అంటుకొనటాన్ని అధిశోషణము అంటారు. అంటుకొన్న అణువుల బంధాలు సడలి, కొన్ని విరిగి, కొత్త బంధాలు ఏర్పడతాయి. చివరకు ఏర్పడిన కొత్త అణువు ఉపరితలాన్ని విడిచి వెళ్ళగా, ఆ చోటు మరల ఖాళీ అవుతుంది.

ఈ విషయాలను మొదట క్రమబద్ధంగా పరిశీలించినది అమెరికాకు చెందిన ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్. ఆయనకు 1932లో నోబెల్ బహుమతి వచ్చింది. ఐతే తరువాత చాలా కాలం ఈ రంగం ముందుకు సాగలేదు. ఉపరితలం మీద ఏమి జరుగుతున్నదో నేరుగా తెలుసుకొనే సాధనాలు లేకపోవటమే అందుకు కారణము.

పరిశోధనకు ఉన్న అడ్డంకులు

ఉపరితలాన్ని పరీక్షించాలంటే ముందు అది శుభ్రంగా ఉండాలి. ఇక్కడ శుభ్రత అంటే ఒక్క పరమాణువు మందాన కూడా ఇతర పదార్థం లేకపోవటము. వాతావరణ పీడనంలో వంద కోట్లవ వంతు మాత్రమే గాలి మిగిలిన పాత్రలో కూడా, తాకిన ప్రతి అణువూ అంటుకొనే పక్షంలో, శుభ్రమైన లోహం ఒక్క సెకనులో వాయు అణువులతో కప్పబడిపోతుంది. ప్రయోగం చేయటానికి కొన్ని గంటల వ్యవధి కావాలంటే ఆ పీడనాన్ని ఇంకా పదివేల రెట్లు తగ్గించాలి. ఇంతటి శూన్యాన్ని సృష్టించే పరికరాలు 1950, 1960 దశకాలలో అర్ధవాహక పరిశ్రమ ఎదుగుదలతో పాటు అందుబాటులోకి వచ్చాయి.

రెండవ అడ్డంకి సంఖ్యకు సంబంధించినది. ఒక లోహపు ముక్కలో పైపొరలో ఉన్న పరమాణువులు మొత్తం పరమాణువులలో అత్యల్ప భాగము. సాధారణ పరీక్షలలో లోపలి పరమాణువుల సంకేతమే వినిపించి, పైపొర సంకేతం మరుగున పడిపోతుంది. నెమ్మదిగా ప్రయాణించే ఎలక్ట్రానులు పదార్థం లోపలికి ఎక్కువ దూరం పోలేవు కనుక అవి పైపొరల సమాచారాన్నే మోసుకొని వస్తాయి. ఎర్టల్ వాడిన పద్ధతులలో పెక్కింటికి ఇదే ఆధారము.

మూడవ అడ్డంకి కర్మాగారంలో వాడే ఉత్ప్రేరకపు స్వరూపము. అది అనేక పదార్థాల మిశ్రమము. దాని రేణువులు ఒక్కొక్కటి ఒక్కొక్క ఆకారంలో ఉంటాయి. అందులో ఏ భాగం పని చేస్తున్నదో చెప్పటం కష్టము. కాబట్టి ఎర్టల్ పరమాణువులు ఒక క్రమంలో అమరి ఉన్న ఏక స్ఫటికాలను తీసుకొని, వాటిని కావలసిన కోణంలో కోసి, ఒక్కొక్క ముఖాన్ని విడివిడిగా పరీక్షించాడు.

పరిశోధన విధానము

ఎర్టల్ ఒకే ప్రశ్నకు అనేక పద్ధతుల ద్వారా సమాధానం వెతికేవాడు. ఎలక్ట్రానులు ఉపరితలాన్ని తాకి వెనుదిరిగినప్పుడు తెర మీద ఏర్పడే చుక్కల అమరికను బట్టి పరమాణువులు ఎలా పేర్చబడి ఉన్నాయో తెలుస్తుంది. ఎక్స్-కిరణాలు, అతినీలలోహిత కిరణాలు ప్రసరించినప్పుడు వెలువడే ఎలక్ట్రానుల శక్తిని కొలిస్తే ఉపరితలం మీద ఉన్న మూలకాలు, వాటి బంధాలు తెలుస్తాయి. లోహాన్ని క్రమంగా వేడి చేస్తూ ఏ ఉష్ణోగ్రత వద్ద ఏ అణువు ఊడి వస్తున్నదో గమనిస్తే ఆ అణువు ఎంత గట్టిగా అంటుకొన్నదో తెలుస్తుంది. ఒక పద్ధతి చెప్పిన దానిని మరొక పద్ధతితో సరిచూసుకొనటం వలన ఈయన నిర్ధారణలు నిలబడ్డాయి. నోబెల్ బహుమతి ప్రకటనలో కూడా ఈ పద్ధతీ నిర్మాణానికి ప్రత్యేక ప్రస్తావన లభించింది.

మొదట ఎర్టల్ నికెల్, పల్లేడియం, ప్లాటినం లోహాల మీద హైడ్రోజన్ ఎలా అమరుతుందో పరిశీలించాడు. హైడ్రోజన్ అణువు ఈ లోహాలను తాకగానే రెండు పరమాణువులుగా విడిపోతుంది. నూనెలు గడ్డకట్టించి వనస్పతి తయారు చేయటం మొదలు అనేక పరిశ్రమలలో హైడ్రోజన్‌ను లోహాల మీద వాడుతారు గనుక ఈ ఫలితాలకు ప్రాధాన్యము వచ్చింది.

అమ్మోనియా తయారీ క్రమము

నేపథ్యము

మొక్కల పెరుగుదలకు నత్రజని అవసరము. గాలిలో సుమారు 78 శాతం నత్రజనియే ఐనా మొక్కలు దానిని నేరుగా తీసుకోలేవు. నత్రజని అణువులోని రెండు పరమాణువుల మధ్య మూడు బంధాలు ఉంటాయి. ఒక మోల్ నత్రజనిలో ఆ బంధాలను తెంచటానికి సుమారు 945 కిలోజౌళ్ళ శక్తి కావాలి. జర్మన్ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్ 1909లో నత్రజనిని, హైడ్రోజన్‌ను అధిక పీడనం వద్ద కలిపి అమ్మోనియా తయారు చేసి చూపించాడు. ఆయన వాడిన ఆస్మియం అరుదైన లోహము. బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థలో అల్విన్ మిట్టాష్ వేలాది మిశ్రమాలను పరీక్షించి, అల్యూమినియం ఆక్సైడ్, పొటాషియం స్వల్పంగా కలిసిన ఇనుము చౌకగా, సమర్థంగా పని చేస్తుందని కనుగొన్నాడు. కార్ల్ బాష్ ఆ పద్ధతిని కర్మాగార స్థాయికి పెంచగా, 1913లో ఓపావు వద్ద ఉత్పత్తి మొదలైంది.

కర్మాగారం నడిచింది కాని ఇనుము ఎలా పని చేస్తున్నదో తెలియలేదు. 1930లలో పాల్ ఎమ్మెట్, స్టీఫెన్ బ్రూనావర్ చేసిన ప్రయోగాల వలన నత్రజని ఇనుముకు అంటుకొనే మెట్టే అన్నింటికంటె నెమ్మదైనదని తేలింది. మొత్తం చర్య వేగాన్ని నిర్ణయించేది ఆ మెట్టే. ఐతే నత్రజని అణువు ముందుగా రెండు పరమాణువులుగా విడిపోయి తరువాత హైడ్రోజన్‌తో కలుస్తుందా, లేక విడిపోకుండానే ఒక్కొక్క హైడ్రోజన్‌ను చేర్చుకొని చివర విడిపోతుందా అనే ప్రశ్న మిగిలిపోయింది. హేబర్ ప్రయోగం జరిగిన అరవై ఏళ్ళకు కూడా దీనికి నిశ్చితమైన సమాధానం లేదు.

ఎర్టల్ నిర్ధారణ

1970లలో ఎర్టల్ తన సహచరులతో కలిసి శుభ్రమైన ఇనుప స్ఫటికాన్ని శూన్య పాత్రలో ఉంచి నత్రజనిని ప్రసరింపజేశాడు. ఉపరితలం మీద నత్రజని విడి పరమాణువులుగా చేరుతున్నట్లు కనిపించింది. కాని ఇది చాలా అరుదుగా జరిగే సంఘటన. పది లక్షల సార్లు అణువులు వచ్చి తాకితే సుమారు ఒకసారి మాత్రమే అణువు విడిపోతుంది. కర్మాగారంలో అధిక పీడనం ఎందుకు కావాలో దీనిని బట్టి కొంత అర్థమవుతుంది. పీడనం పెరిగినకొద్దీ తాకిళ్ళ సంఖ్య పెరుగుతుంది.

ఉపరితలం మీద నత్రజని పరమాణువులు కనబడినంత మాత్రాన అవే అమ్మోనియాగా మారుతున్నాయని చెప్పటానికి వీలు లేదు. అవి పనిలో పాల్గొనకుండా ఊరక అంటుకొని ఉండవచ్చు. అందుచేత హైడ్రోజన్‌ను కూడా పంపి, దాని పాలు పెంచుతూ, ఉపరితలం మీద మిగిలిన నత్రజని పరమాణువులను కొలిచారు. హైడ్రోజన్ పెరిగినకొద్దీ ఆ పరమాణువుల సంఖ్య తగ్గింది. అనగా హైడ్రోజన్ వాటిని ఎప్పటికప్పుడు వాడుకొని అమ్మోనియాగా తీసుకొనిపోతున్నది. నత్రజని అణువు ముందు విడిపోతుందనే మార్గమే నిజమని ఆ విధంగా రుజువైంది. ఆ తరువాత నత్రజని పరమాణువు ఒకటి, రెండు, మూడు హైడ్రోజన్ పరమాణువులను వరుసగా చేర్చుకొని అమ్మోనియాగా ఉపరితలాన్ని విడిచిపోతుంది. ఈ మెట్లలో ఒక్కొక్కదానికి అవసరమైన శక్తిని కూడా ఎర్టల్ బృందం లెక్కకట్టింది. వాయు స్థితిలో నత్రజని బంధాన్ని తెంచటానికి కావలసిన అపారమైన శక్తి ఇనుము మీద అవసరం కాదు. విడిపోయిన పరమాణువులు ఇనుముతో గట్టి బంధం ఏర్పరచుకొనటం వలన ఆ ఖర్చు తీరిపోతుంది.

స్ఫటిక ముఖాలు, పొటాషియము

ఇనుప స్ఫటికాన్ని వేర్వేరు కోణాలలో కోసినప్పుడు ఏర్పడే ముఖాలను 111, 100, 110 అనే సంఖ్యలతో గుర్తిస్తారు. వీటిలో 111 ముఖం మీద నత్రజని అన్నింటికంటె త్వరగా విడిపోతుందని ఎర్టల్ బృందం కనుగొన్నది. ఈ ముఖం మీద పరమాణువులు వదులుగా, ఎగుడుదిగుడుగా అమరి ఉంటాయి. ఒకే లోహం, ఒకే వాయువు ఐనప్పటికీ పరమాణువుల అమరికను బట్టి ఫలితం మారటం గమనించదగిన విషయము.

మిట్టాష్ అనుభవంతో కలిపిన పొటాషియం పాత్ర కూడా ఈ ప్రయోగాలతో స్పష్టమైంది. పొటాషియం తన ఎలక్ట్రానును సులభంగా ఇచ్చివేస్తుంది. దాని సమీపంలో నత్రజని అణువు ఇనుమును గట్టిగా పట్టుకొని, తేలికగా విడిపోతుంది. అల్యూమినియం ఆక్సైడ్ పని వేరు. అది ఇనుప రేణువులు వేడికి ఒకదానితో ఒకటి అతుక్కొని ముద్ద కాకుండా కాపాడుతుంది.

పీడన అంతరము

ఈ పరిశోధనల మీద ఒక గట్టి అభ్యంతరం ఉండేది. ఎర్టల్ ప్రయోగాలు దాదాపు ఏమీ లేని శూన్యంలో, మచ్చలేని స్ఫటికాల మీద జరిగినవి. కర్మాగారంలో ఇనుము వందల రెట్ల వాతావరణ పీడనం కింద, 400 నుండి 500 డిగ్రీల సెల్సియస్ వేడిలో, మిశ్రమ రూపంలో ఉంటుంది. ఒకచోట కనుగొన్నది మరొకచోట చెల్లుతుందా అనేది ఆ ప్రశ్న. దీనినే పీడన అంతరము అని వ్యవహరిస్తారు. ఇది చిన్న సందేహం కాదు. చెల్లకపోతే ఉపరితల శాస్త్రం ప్రయోగశాలకే పరిమితమై ఉండేది.

అమ్మోనియా విషయంలో ఈ సందేహం రెండు విధాలుగా తీరింది. 1982లో అమెరికాలోని బర్క్‌లీలో గాబోర్ సోమోర్జై బృందం 20 రెట్ల వాతావరణ పీడనం వద్ద ఇనుప స్ఫటికాలతో అమ్మోనియా తయారు చేసి చూసింది. 111, 100, 110 ముఖాల మీద చర్య వేగం 418 : 25 : 1 నిష్పత్తిలో ఉన్నట్లు తేలింది. శూన్యంలో చురుకైన ముఖమే అధిక పీడనంలో కూడా చురుకైనది. 1985లో డెన్మార్క్ శాస్త్రవేత్తలు స్టోల్ట్జే, నోర్‌స్కోవ్ శూన్యంలో కొలిచిన అంకెల ఆధారంగా పారిశ్రామిక స్థితిలో ఎంత అమ్మోనియా రావాలో లెక్కించారు. ఆ లెక్క అసలు ఉత్ప్రేరకం ఇచ్చిన ఫలితాలకు దగ్గరగా వచ్చింది.

అన్ని చర్యలలోను ఇలా జరగదు. రుథీనియం లోహం శూన్యంలో కార్బన్ మోనాక్సైడ్‌ను ఆక్సీకరించటంలో మందకొడిగా ఉంటుంది, అధిక పీడనంలో చాలా చురుకుగా ఉంటుంది. పీడనం పెరిగినప్పుడు లోహం మీద ఆక్సైడ్ పొర ఏర్పడి, అసలు పని ఆ పొర చేస్తుందని 2000లో ఎర్టల్ కూడా భాగస్వామిగా ఉన్న బృందం చూపించింది. కనుక పీడన అంతరాన్ని ప్రతి చర్యకూ విడిగా పరిశీలించవలసి ఉంటుంది.

కార్బన్ మోనాక్సైడ్ ఆక్సీకరణము

మోటారు వాహనాల పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ విష వాయువు. పొగగొట్టంలో అమర్చే ఉత్ప్రేరక పరికరంలో ప్లాటినం, పల్లేడియం వంటి లోహాలు దీనిని కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తాయి. ఈ చర్య చూడటానికి సులభమైనదే ఐనా, కార్బన్ మోనాక్సైడ్ లోహానికి అంటుకొన్న తరువాత ఆక్సిజన్‌తో కలుస్తుందా, లేక గాలిలోనుండి నేరుగా వచ్చి ఢీకొని కలుస్తుందా అనే విషయం మీద భిన్నాభిప్రాయాలు ఉండేవి. ఎర్టల్, థామస్ ఎంగెల్ 1970ల చివర అణు పుంజాలను పల్లేడియం మీదికి పంపి, తాకిన క్షణానికి, కార్బన్ డయాక్సైడ్ వెలువడిన క్షణానికి మధ్య గల వ్యవధిని కొలిచారు. రెండు పదార్థాలు లోహానికి అంటుకొన్న తరువాతనే కలుస్తాయని తేలింది.

ఈ చర్యలో ఒక విశేషం ఉన్నది. ఆక్సిజన్ అణువు విడిపోయి రెండు పరమాణువులుగా కూర్చోవటానికి పక్కపక్కన ఖాళీ చోట్లు కావాలి. బస్సులో ఒక్కొక్కరు ఎక్కి దొరికిన చోటల్లా కూర్చుంటే, చివరకు జంటగా వచ్చినవారికి పక్కపక్క సీట్లు దొరకవు. కార్బన్ మోనాక్సైడ్ అణువులు కూడా అలాగే లోహాన్ని దట్టంగా ఆక్రమించి ఆక్సిజన్‌కు చోటు లేకుండా చేస్తాయి. చల్లని ఇంజనులో ఉత్ప్రేరక పరికరం సరిగా పని చేయకపోవటానికి ఇది ఒక ముఖ్య కారణము. లోహం తగినంత వేడెక్కి కార్బన్ మోనాక్సైడ్ కొంత ఊడిపోయిన తరువాత చర్య పుంజుకుంటుంది.

డోలనాలు, సర్పిల తరంగాలు

వాయువులను ఒకే పీడనంలో, ఒకే ఉష్ణోగ్రత వద్ద ప్రసరింపజేస్తూ ఉన్నా, ప్లాటినం మీద ఈ చర్య వేగం కొన్ని పరిస్థితులలో ఒకసారి పెరుగుతూ ఒకసారి తగ్గుతూ లయబద్ధంగా సాగుతుంది. 1980లలో ఎర్టల్ దీనికి కారణం కనుగొన్నాడు. శుభ్రమైన ప్లాటినం 100 ముఖం మీద పైపొర పరమాణువులు షడ్భుజాకారపు అమరికలోకి సర్దుకుంటాయి. కార్బన్ మోనాక్సైడ్ ఒక పరిమితిని దాటి చేరినప్పుడు అవి చతురస్రాకారపు అమరికకు మారతాయి. ఈ అమరిక మీద ఆక్సిజన్ బాగా అంటుకొని కార్బన్ మోనాక్సైడ్‌ను ఖర్చు చేస్తుంది. అది తరిగిపోగానే పైపొర తిరిగి షడ్భుజాకారం పొందుతుంది. దాని మీద ఆక్సిజన్ అంటదు. కార్బన్ మోనాక్సైడ్ మరల పేరుకుంటుంది. ఈ చక్రం ఇలా తిరుగుతూనే ఉంటుంది. చర్య జరుగుతున్నప్పుడు ఉపరితలం కూడా మారుతుందని, ఉత్ప్రేరకము కదలని వేదిక కాదని దీనివలన తెలిసింది.

1990లో ఎర్టల్ బృందం ఒక ప్రత్యేక ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో ప్లాటినం 110 ముఖాన్ని పరిశీలించింది. ఆక్సిజన్ ఉన్న ప్రాంతాలు చీకటిగా, కార్బన్ మోనాక్సైడ్ ఉన్న ప్రాంతాలు వెలుతురుగా కనిపించాయి. రెండింటి మధ్య సరిహద్దులు వలయాలుగా, సర్పిలాలుగా లోహం మీద పాకుతున్న దృశ్యం నమోదైంది. కొన్ని పరిస్థితులలో ఈ తరంగాలు క్రమం తప్పి అల్లకల్లోలం అవుతాయి. వాయువు పరిమాణాన్ని చర్య వేగానికి అనుగుణంగా మారుస్తూ ఆ అల్లకల్లోలాన్ని అదుపు చేయవచ్చునని 2001లో నిరూపించారు.

క్రియాశీల స్థానాలు

ఉత్ప్రేరకపు ఉపరితలమంతా ఒకే విధంగా పని చేయదని, కొన్ని ప్రత్యేక స్థానాల వద్దనే చర్య జరుగుతుందని హ్యూ టేలర్ 1925లో ప్రతిపాదించాడు. 1996లో ఎర్టల్ బృందం సూదిమొనతో పరమాణువులను గుర్తించే సూక్ష్మదర్శిని సాయంతో రుథీనియం మీద నైట్రిక్ ఆక్సైడ్ అణువులు ఎక్కడ విడిపోతున్నాయో చిత్రించింది. చదునైన ప్రాంతాలలో కాక, ఒక పొర ముగిసి మరొక పొర మొదలయ్యే మెట్ల అంచుల వద్ద అవి విడిపోయాయి. డెబ్బై సంవత్సరాల నాటి ఊహకు ఇది ప్రత్యక్ష సాక్ష్యము.

పురస్కారాలు

1991లో లైబ్నిట్జ్ బహుమతి, 1992లో జపాన్ బహుమతి, 1998లో గాబోర్ సోమోర్జైతో కలిసి రసాయన శాస్త్రంలో వుల్ఫ్ బహుమతి ఎర్టల్‌కు లభించాయి. నోబెల్ బహుమతి ప్రకటన 2007 అక్టోబరు 10న వెలువడింది. ఆ రోజు ఆయన 71వ జన్మదినము. అదే రంగంలో అదే కాలంలో కృషి చేసిన సోమోర్జైకి అందులో భాగం దక్కకపోవటం కొందరు శాస్త్రజ్ఞులకు ఆశ్చర్యం కలిగించింది. ఉత్ప్రేరణ మీద ఎర్టల్ సహ సంపాదకుడుగా వెలువడిన బృహత్ గ్రంథం (మొదటి ముద్రణ 1997, 5 సంపుటాలు) పరిశోధకులకు ఆకర గ్రంథంగా ఉపయోగపడుతున్నది.

ప్రాముఖ్యత

ప్రపంచంలో ఏటా సుమారు 18 కోట్ల టన్నుల అమ్మోనియా తయారవుతున్నది. అందులో అధిక భాగం ఎరువులకే పోతుంది. ప్రపంచ జనాభాలో దాదాపు సగం మందికి ఆహారం ఈ ఎరువుల మీద ఆధారపడి ఉన్నదని అంచనా. యూరియాలో నత్రజని సుమారు 46 శాతం ఉంటుంది. ఆ యూరియా అమ్మోనియానుండే తయారవుతుంది. తెలంగాణలోని రామగుండంలో 2021లో ఉత్పత్తి ప్రారంభించిన కర్మాగారంలోను, ఆంధ్ర ప్రదేశ్‌లోని కాకినాడలో 1990లలో వెలసిన కర్మాగారంలోను అమ్మోనియా తయారీకి ఆధారం హేబర్-బాష్ పద్ధతియే. గోదావరి డెల్టాలో వరికి చల్లే యూరియా వెనుక నత్రజని బంధం తెగే ఆ నెమ్మదైన మెట్టు ఉన్నది.

ఈ పద్ధతికి మరొక ముఖం కూడా ఉన్నది. అమ్మోనియాకు కావలసిన హైడ్రోజన్‌ను ఎక్కువగా సహజ వాయువు, బొగ్గులనుండి తీయటం వలన పెద్ద మొత్తంలో కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ప్రపంచం వాడే మొత్తం శక్తిలో 1 నుండి 2 శాతం వరకు దీనికి ఖర్చవుతున్నది. తక్కువ వేడి, తక్కువ పీడనం వద్ద పని చేసే ఉత్ప్రేరకాల కోసం వెతికేవారికి ఎర్టల్ నిర్ధారించిన మెట్ల పట్టికయే మొదటి ఆధారము. మిట్టాష్ కాలంలో వేలాది మిశ్రమాలను ఒక్కొక్కటిగా పరీక్షించవలసి వచ్చింది. ఏ మెట్టు అడ్డుపడుతున్నదో తెలిసిన తరువాత దానిని తగ్గించే పదార్థాన్ని లెక్కలు కట్టి ఎంచుకొనటం సాధ్యమైంది.

ఎర్టల్ పనిచేసిన బెర్లిన్ సంస్థకు 1911లో తొలి సంచాలకుడు ఫ్రిట్జ్ హేబర్. అమ్మోనియాకు గాను హేబర్ 1918 సంవత్సరపు నోబెల్ బహుమతి పొందాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో విష వాయు ప్రయోగానికి నాయకత్వం వహించినది కూడా ఆయనే. యూదుడైన హేబర్ 1933లో నాజీల పాలనలో పదవి వదలి దేశం విడిచిపోయాడు. 1953లో ఆ సంస్థకు ఆయన పేరు పెట్టారు. హేబర్ కనుగొన్న చర్యకు సంపూర్ణ వివరణ ఇచ్చిన ఎర్టల్ అదే సంస్థకు 18 సంవత్సరాలు సంచాలకుడుగా ఉన్నాడు.

ఇవి కూడా చూడండి

ఉత్ప్రేరకము
అధిశోషణము
హేబర్-బాష్ పద్ధతి
ఫ్రిట్జ్ హేబర్
ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్
యూరియా